మెరిసిన ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు



కొన్నేళ్ళ క్రితం ఒక తల్లి మా ఓ.పి. గదిలోకి వచ్చి, చేతిలోని పెద్ద స్కానింగు కవరు బల్ల మీద పెట్టింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "డాక్టరమ్మా, మా బాబుకు ఛాతీలోకి పాకిందట. ఇక వైద్యం దండగ అన్నారు. మీరైనా ఒకసారి చూసి చెప్పండమ్మా" అంది.

బాబుకు పదిహేనేళ్ళు. మోకాలి పైన నొప్పి మొదలై అప్పటికి మూడు నెలలు దాటింది. కబడ్డీలో దెబ్బ తగిలిందనుకొని నూనె రాశారు, కట్టు కట్టించారు. రాత్రిళ్ళు నొప్పికి లేచి కూర్చోవడం, వాపు పెరగడం చూసి ఎక్స్‌రే తీయించారు. పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్ళారు. ముక్క పరీక్షలో ఆస్టియోసార్కోమా, అంటే ఎముకలోనే పుట్టిన క్యాన్సర్, అని తేలింది. తరువాత పెట్ స్కాన్ తీశారు. మోకాలి దగ్గరి గడ్డతో పాటు, రెండు ఊపిరితిత్తుల మధ్యనుండే గ్రంథులు కూడా మెరుస్తున్నాయని రిపోర్టు వచ్చింది. వ్యాధి పాకి ఉండవచ్చు, నిర్ధారణ చేసుకోవాలి అని అందులో చివరి వాక్యం. ఆ చివరి వాక్యం ఆ తండ్రికి ఎవరూ చదివి చెప్పలేదు. ఊళ్ళో రిపోర్టు చూసిన ఒకరు "నాలుగో దశ" అన్నారు. ఆఖరి రోజుల్లో బిడ్డను సూదులతో హింసపెట్టడం ఎందుకని ఆయన బాబును ఇంట్లోనే ఉంచేశాడు. ఆరు వారాలు గడిచిపోయాయి.

ఆ గ్రంథుల నుంచి సూదితో తీసిన నమూనాలో క్యాన్సర్ లేదు. క్షయ ఉంది. ఊపిరితిత్తుల సి.టి.లో గడ్డలేవీ కనబడలేదు. అయితే ఆ ఆరు వారాల్లో కాలిలోని గడ్డ పెరిగి, కాలికి రక్తం తీసుకుపోయే నాళాన్ని చుట్టేసింది. మొదట చూసినప్పుడు కాలు నిలిపే ఆపరేషన్ చేయవచ్చన్న సర్జనుగారికే, ఈసారి తొడ దగ్గర కాలు తీసివేయక తప్పలేదు. క్షయ మందులు, క్యాన్సర్ మందులు రెండూ నడిచాయి. బిడ్డ దక్కాడు, కాలు దక్కలేదు. నేడు కృత్రిమ కాలితో కాలేజీకి వెళ్తున్నాడు.

ఇందులో యంత్రం తప్పు ఏమీ లేదు. అది చూపవలసినదే చూపించింది. దాని మాటను సగం విని తీర్పుగా తీసుకోవడమే తప్పయింది. ఈ మధ్య మా దగ్గరికి పెట్ స్కాన్ కవర్లతో వచ్చే కుటుంబాలు పెరిగాయి. కొందరు ఆ స్కాన్ పేరు చెబితేనే భయపడుతున్నారు. మరికొందరు మూడు నెలలకొకసారి తీయించమని పట్టుబడుతున్నారు. అందుకే నా అభిప్రాయం ఇక్కడ సూటిగా రాస్తున్నాను. ఎముక క్యాన్సర్ ఎంతవరకు పాకిందో తెలుసుకోవడానికి పెట్ స్కాన్ మంచి సాధనం. కాని దాని ఫలితంతో వైద్యంలో ఏదైనా మారేటప్పుడే తీయించాలి. అందులో కనబడినదాన్ని నిర్ధారించుకోకుండా ఏ బిడ్డకూ వైద్యం ఆపకూడదు.

ఈ స్కాన్ ఏమి చూస్తుంది?

ఎక్స్‌రే, సి.టి., ఎం.ఆర్.ఐ. శరీరభాగాల ఆకారాన్ని చూపుతాయి. పెట్ స్కాన్ ఆ భాగం చేసే పనిని చూపుతుంది. క్యాన్సర్ కణాలు మామూలు కణాలకంటే ఎక్కువ చక్కెరను తింటాయని జర్మనీ శాస్త్రవేత్త ఆటో వార్‌బుర్గ్ 1920లలోనే గమనించాడు. ఆ ఆకలే ఈ పరీక్షకు ఆధారం. చక్కెరను పోలిన ఒక పదార్థానికి కొద్దిపాటి రేడియోధార్మికత గల ఫ్లోరిన్‌ను జతచేసి నరంలోకి ఇస్తారు. దానిని ఎఫ్.డి.జి. అంటారు. గంటసేపటికి అది ఎక్కువ చక్కెర తినే చోట్ల చేరుతుంది. స్కానర్ ఆ చోట్లను మెరుపు మచ్చలుగా చూపుతుంది. ఎఫ్.డి.జి.ని మొదటిసారి మనిషికి ఇచ్చింది 1976లో, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో. మచ్చ శరీరంలో సరిగ్గా ఎక్కడుందో తెలియడానికి పెట్‌ను సి.టి.తో కలిపిన యంత్రం 1998లో పిట్స్‌బర్గ్‌లో మొదలైంది. మన దేశంలో 2002లో ముంబయిలో ఈ పరీక్ష ప్రారంభమైంది. నేడు మన తెలుగు రాష్ట్రాల పెద్ద నగరాల్లోనూ, మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే వేలూరులోనూ ఉంది.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. స్కానర్ చూసేది చక్కెర ఆకలిని మాత్రమే. ఆ ఆకలి క్యాన్సర్‌కు ఒక్కదానికే ఉండదు. క్షయ గ్రంథికి ఉంటుంది. చీము పట్టిన ఎముకకు ఉంటుంది. విరిగి అతుక్కుంటున్న పక్కటెముకకు, కొత్తగా చేసిన ఆపరేషన్ గాయానికి కూడా ఉంటుంది. కీమో తరువాత తెల్లరక్తకణాలు పెంచడానికి ఇచ్చే ఇంజెక్షన్ వల్ల ఎముకల్లోని మూలుగ అంతా మెరుస్తుంది. తెలియనివారు చూస్తే ఒళ్ళంతా పాకిందని హడలిపోతారు. క్షయ ఇంత ఎక్కువగా ఉన్న మన దేశంలో, మెరిసిన మచ్చను చూడగానే క్యాన్సర్ అనడం మరీ ప్రమాదం.

పాకిందో లేదో ఎందుకు చూడాలి?

టెర్రీ ఫాక్స్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. కెనడా యువకుడు. 1977లో, పద్దెనిమిదేళ్ళ వయస్సులో, ఆస్టియోసార్కోమా వల్ల అతని కుడికాలు మోకాలి పైన తీసివేశారు. 1980 ఏప్రిల్‌లో, క్యాన్సర్ పరిశోధనకు నిధులు పోగుచేయడానికి, కృత్రిమ కాలితో దేశాన్ని అడ్డంగా పరుగెత్తి దాటాలని బయలుదేరాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. సెప్టెంబరు 1న ఆగిపోవలసి వచ్చింది. క్యాన్సర్ ఊపిరితిత్తుల్లో కనబడింది. 1981 జూన్ 28న, ఇరవై రెండేళ్ళకే కన్నుమూశాడు.

ఈ వ్యాధి నైజం అదే. పుట్టేది ఎక్కువగా మోకాలి దగ్గర. ప్రాణం తీసేది ఎక్కువగా ఊపిరితిత్తుల్లో. ఆస్టియోసార్కోమా వచ్చినవారిలో ఇంచుమించు ప్రతి ఐదారుగురిలో ఒకరికి, మొదటిసారి చూసేనాటికే మరోచోట కనబడుతుంది. పిల్లల్లో వచ్చే మరో ఎముక క్యాన్సర్ యూయింగ్ సార్కోమాలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి అలా ఉంటుంది. ఇది ఊపిరితిత్తులకే కాక, వేరే ఎముకలకు, మూలుగకు కూడా పాకుతుంది. పాకిన చోటు తెలిస్తేనే మందులు ఎన్ని, ఆపరేషన్ ఎక్కడ, రేడియేషన్ కావాలా అన్నవి నిర్ణయమవుతాయి. ఊపిరితిత్తుల్లో ఒకటి రెండు చిన్న గడ్డలే ఉంటే వాటిని కూడా ఆపరేషన్ చేసి తీసివేయవచ్చు. అలా నయమైనవారు ఉన్నారు. కనుక పాకింది అన్న మాట దగ్గర కూడా వైద్యం ఆగిపోదు.

వైద్యం మొదలుపెట్టే ముందు పెట్ స్కాన్ వల్ల మేలు నిజంగా ఉంది. తల నుంచి పాదాల దాకా ఒకే పూటలో చూడవచ్చు. ముఖ్యంగా యూయింగ్ సార్కోమాలో, వేరే ఎముకల్లోని మచ్చలను పాతకాలపు బోన్ స్కాన్‌కంటే ఇది బాగా పట్టుకుంటుంది. మొదటి విడత మందులకు గడ్డ లొంగుతోందా లేదా అన్నదానికి కూడా కొంత సూచన ఇస్తుంది. అయితే ఆఖరి మాట మాత్రం ఆపరేషన్‌లో తీసిన గడ్డను సూక్ష్మదర్శినిలో చూసే పెథాలజీ డాక్టరుగారిదే. ఆ గడ్డలో నూటికి తొంభై వంతులు, అంతకు మించి చనిపోయి ఉంటే మందులు బాగా పనిచేశాయని లెక్క.

దానికి కనబడనివి

పెట్ స్కాన్‌కు చిన్న మచ్చలు సరిగా కనబడవు. ఒక సెంటీమీటరుకు లోపు గడ్డలు, ముఖ్యంగా ఊపిరితో పాటు కదిలే ఊపిరితిత్తుల్లోనివి, తప్పిపోవచ్చు. ఊపిరి బిగబట్టి తీసే ఛాతీ సి.టి.లో కొద్ది మిల్లీమీటర్ల గడ్డ కూడా కనబడుతుంది. అందుకే పెట్ తీయించినా డాక్టరుగారు ఛాతీ సి.టి. విడిగా అడిగితే, డబ్బు గుంజడానికి అనుకోకండి. అలాగే కాలిలో గడ్డ ఎంత దూరం వ్యాపించింది, నరాలకు రక్తనాళాలకు ఎంత దగ్గరగా ఉంది అన్నది ఎం.ఆర్.ఐ. చెప్పాలి. నిదానంగా పెరిగే కొన్ని మృదులాస్థి క్యాన్సర్లు పెట్‌లో అంతగా మెరవవు. మెరవలేదు కాబట్టి మంచిదేనని వాటిని వదిలేయకూడదు.

పెద్దవయస్సువారి సంగతి వేరు. వారి ఎముకల్లో కనబడే క్యాన్సర్ చాలామట్టుకు ఎముకలో పుట్టినది కాదు. రొమ్ము, ఊపిరితిత్తి, ప్రొస్టేట్, మూత్రపిండం, థైరాయిడ్ వంటి చోట్ల పుట్టి ఎముకకు చేరినది. ప్రొస్టేట్ క్యాన్సర్‌లో చక్కెర స్కాన్ అంతగా ఉపయోగపడదు. దానికి పి.ఎస్.ఎం.ఎ. పెట్ అనే వేరే మందుతో తీసే స్కాన్ ఉంది. కనుక పక్కింటి తాతగారికి తీసిన స్కానే మనకూ కావాలని అడగడం సరికాదు.

అన్నిటికంటె ముఖ్యం, ఏ స్కాన్ కూడా ముక్క పరీక్షకు బదులు కాదు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని మనవాళ్ళలో ఒక భయం ఉంది. సరైన పద్ధతిలో తీస్తే అలా భయపడనక్కరలేదు. అయితే ఎముక గడ్డ విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. తరువాత ఆపరేషన్ చేయబోయే సర్జనుగారే, లేదా వారు చెప్పిన చోటనే, ముక్క తీయాలి. తప్పుడు చోట కోస్తే, నిలపగలిగిన కాలు కూడా పోవచ్చు.

స్కాన్ శుభ్రంగా ఉంటే మందులెందుకు?

ఈ ప్రశ్న నన్ను చాలామంది తల్లిదండ్రులు అడిగారు. "ఎక్కడా లేదని వచ్చింది కదమ్మా, కీమో ఎందుకు? జుట్టు ఊడిపోతుంది, పిల్ల తట్టుకోలేదు." న్యాయమైన ప్రశ్నే. జవాబు గతంలో ఉంది. కీమో రాకముందు, ఎక్కడా పాకలేదనిపించిన ఆస్టియోసార్కోమా రోగులకు కాలు తీసివేసి ఇంటికి పంపేవారు. అలాంటివారిలో నూటికి ఇరవైమంది కూడా బతకలేదు. కంటికీ యంత్రానికీ కనబడని కణాలు అప్పటికే రక్తంలో బయలుదేరి ఉండేవి. కీమో, ఆపరేషన్ రెండూ కలిసిన తరువాత, వ్యాధి పాకకముందే వచ్చినవారిలో నూటికి అరవై నుంచి డెబ్భైమంది ఐదేళ్ళు దాటుతున్నారు. శుభ్రమైన స్కాన్ అంటే, కనబడేంత పెద్ద గడ్డ మరోచోట లేదని మాత్రమే అర్థం. మందులు మానుకోవడానికి అది అనుమతి పత్రం కాదు.

ఒక్క ప్రశ్న అడగండి

స్కాన్ రాసిన డాక్టరుగారిని గౌరవంగా ఒక ప్రశ్న అడగండి: "అయ్యా, ఈ స్కాన్‌లో ఏమి వస్తే మా బిడ్డ వైద్యం మారుతుంది?" ఈ ప్రశ్నకు ఏ మంచి డాక్టరూ కోపగించుకోరు. "మరోచోట ఉంటే ఆపరేషన్ పద్ధతి మారుతుంది" అంటే, అప్పు చేసైనా తీయించవలసిన స్కాన్ అది. "ఏమీ మారదు, ఊరికే చూద్దాం" అంటే, ఆ డబ్బు బిడ్డ మందులకు, తిండికి, దారి ఖర్చులకు దాచుకోండి.

వైద్యం పూర్తయి, ఏ బాధా లేకుండా తిరుగుతున్నవారికి మూడు నెలలకొకసారి పెట్ స్కాన్ అవసరం అని నేను అనుకోను. ఒక పెద్దాయన కూతురి కోసం ఇలాంటి స్కాన్లకు ఉన్న అర ఎకరం తాకట్టు పెట్టాడు. ప్రతిసారీ రిపోర్టు వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించేది కాదు. మంచి రిపోర్టు తెచ్చిన నెమ్మది నెల దాటేది కాదు. వేళకు డాక్టరు చేతి పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే లేక సి.టి., ఆపరేషన్ చేసిన చోట ఎక్స్‌రే, ఇవే మామూలు తనిఖీకి మూలం. వాటిలో అనుమానం వచ్చినప్పుడు పెట్ స్కాన్‌కు పని ఉంటుంది. పైగా ఒక్కో పెట్–సి.టి.లో, ప్రకృతి నుంచి మనకు కొన్ని సంవత్సరాలలో అందేంత రేడియేషన్ ఒకేసారి అందుతుంది. అవసరమైనప్పుడు అది భయపడవలసినంత కాదు. అవసరం లేనప్పుడు పిల్లలకు అదెందుకు?

"తప్పిపోవడం కంటే అందరికీ తీయడమే మంచిది కదా" అని వాదించే వైద్యులు ఉన్నారు. వారి మాటలో బలం లేకపోలేదు. దూరపు పల్లె నుంచి వచ్చినవారిని నాలుగు పరీక్షలకు నాలుగుసార్లు తిప్పేకంటే ఒక్కటే మేలు. కాని డబ్బు సమకూరేదాకా ఆగుదామని నెల రోజులు పోగొట్టుకున్న కుటుంబాలను నేను చూశాను. ఛాతీ సి.టి., బోన్ స్కాన్, కాలికి ఎం.ఆర్.ఐ. కలిపి కూడా వ్యాప్తిని అంచనా కట్టవచ్చు. అది ఎన్నో ఏళ్ళుగా ఉన్న, ఇప్పటికీ చెల్లే పద్ధతి. పెట్ స్కాన్‌కు స్తోమత లేదని ఎవరూ వైద్యం వాయిదా వేయకండి. ఆరోగ్యశ్రీలో ఏమి వర్తిస్తుందో, ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి.

వెళ్ళేవారు పాటించవలసినవి

స్కాన్‌కు ముందు నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్ళు తాగవచ్చు. టీ, కాఫీ, కూల్‌డ్రింకు, గ్లూకోజు నీళ్ళు వద్దు. బిడ్డ ఏడుస్తున్నాడని బస్సులో చిన్న బిస్కెట్ ముక్క పెట్టినా ఆనాటి స్కాన్ చెడిపోవచ్చు. ముందు రోజు పరుగులు, బరువు పనులు మానాలి. అలసిన కండరాలు కూడా మెరుస్తాయి. చక్కెర వ్యాధి ఉన్నవారు స్కాన్ తేదీ తీసుకునేటప్పుడే చెప్పాలి. మాత్రలు, ఇన్సులిన్ ఎప్పుడు ఆపాలో వారే చెబుతారు, మీ అంతట మీరు ఆపకండి. ఇటీవల క్షయ, జ్వరం, దెబ్బలు, టీకాలు, తెల్లకణాల ఇంజెక్షన్లు ఉంటే చీటీ మీద రాసి ఇవ్వండి. చదివే డాక్టరుగారికి అది ఎంతో విలువైన సాయం. గర్భవతులు, పాలిచ్చే తల్లులు తప్పక ముందే తెలియజేయాలి.

చెప్పిన వేళకు చేరండి. ఆ మందు ఇంచుమించు 110 నిమిషాలకు సగమైపోతుంది. నిలవ ఉంచడానికి వీలుకాదు. ఇంజెక్షన్ తరువాత గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలి. స్కాన్ అరగంట లోపే అయిపోతుంది. నొప్పి ఉండదు. ఆ తరువాత నీళ్ళు బాగా తాగాలి. కొన్ని గంటలపాటు చంటిపిల్లలకు, గర్భవతులకు కొంచెం దూరంగా ఉండాలి. మరునాటికి మామూలే.

రిపోర్టు వచ్చాక దయచేసి దారిలో, బస్టాండులో, తెలిసినవారి మెడికల్ షాపులో చదివించుకోకండి. సీల్డు కవరుతో, పాత ఎక్స్‌రేలు, ముక్క పరీక్ష కాగితాలు అన్నీ పట్టుకొని, వైద్యం చేసే డాక్టరుగారి దగ్గరికే తీసుకువెళ్ళండి. మెరిసిన మచ్చ వైద్యాన్ని మార్చేదైతే, "దీనిని నిర్ధారించుకున్నారా?" అని అడగండి. పదిహేనేళ్ళ పిల్లవాడికి కూడా వాడికి అర్థమయ్యే మాటల్లో నిజం చెప్పండి. గుసగుసలు వినే బిడ్డ, మనం చెప్పేదానికంటె ఎక్కువే ఊహించుకొని భయపడతాడు.

కిందటి నెల ఆ బాబు తనిఖీకి వచ్చాడు. ఈసారి కవరు వాడి చేతిలోనే ఉంది. ఛాతీ ఎక్స్‌రే బాగుంది. వాళ్ళమ్మ గుమ్మం దగ్గర ఆగి, "ఆనాడు ఆ కాగితంలో చివరి ముక్క కూడా ఎవరైనా చదివి చెప్పుంటే బాగుండేది కదమ్మా" అంది. నా దగ్గర జవాబు లేదు. మీలో ఎవరి చేతికైనా అలాంటి కవరు వస్తే, చివరి వాక్యం దాకా చదివించుకొని, ఆ తరువాతే నిర్ణయం తీసుకోండి. సందేహం ఉంటే మా ఓ.పి.కి తీసుకురండి. కూర్చొని నిదానంగా కలిసి చదువుదాం.